కావలసిన కాగితం ఏ ఫోనులో ఉంది? ఇంటి ఫైళ్ల సమస్యలు - పరిష్కారాలు

పాపను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే టీకాల కార్డు అడిగారు. ఫొటో తీసిన సంగతి గుర్తుంది గానీ అది నా ఫోనులో లేదు, ల్యాప్‌టాప్‌లోనూ లేదు. మా ఆయనకు ఫోన్ చేస్తే "నీకే పంపాను కదా" అన్నారు. అరగంట వెతికితే చివరికి అత్తయ్య ఫోనులో, పుట్టినరోజు ఫొటోల మధ్య, పక్కకు తిరిగిపోయి కనిపించింది. మా ఇంట్లో ఫైళ్లు లేకపోవడం ఎప్పుడూ సమస్య కాలేదు. ఏది ఎక్కడ ఉండాలో ఎవరమూ అనుకోకపోవడమే సమస్య. కింద రాసినవన్నీ ఒక్కొక్కటిగా మాకు ఎదురైనవే.

సమస్య: ఫైలు ఉంది, కానీ అవసరానికి దొరకదు

ఆ కార్డు ఫొటో పేరు చూడండి: ఐఎంజీ-20210914-డబ్ల్యూఏ0007. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ పెట్టే పేరు ఇది. మధ్యలోని ఎనిమిది అంకెలు ఫోనుకు చేరిన తేదీ, చివరివి ఆ రోజు వరుస సంఖ్య. అందులో పాప పేరు గానీ టీకా అన్న మాట గానీ లేవు. పైగా మామూలు ఫొటోగా పంపినప్పుడు వాట్సాప్ దాని పరిమాణం తగ్గిస్తుంది, ఫొటో తీసిన తేదీ వివరాలనూ తొలగిస్తుంది. అందుకే ఇరవై ఏళ్ల కిందటి తాతగారి ఫొటో ఇవాళ ఎవరైనా పంపితే, గ్యాలరీలో ఇవాళ్టి ఫొటోల పక్కన చేరుతుంది.

పరిష్కారం రెండు మెట్లు. మొదటిది, కాగితం ఇంటికి వచ్చిన రోజే స్కాన్ చేయడం. గూగుల్ డ్రైవ్ యాప్‌లోనూ, ఐఫోన్ నోట్స్‌లోనూ స్కాన్ సదుపాయం ఉంది. అంచులు సరిచేసి పీడీఎఫ్‌గా దాచుకోవచ్చు. రెండోది, అక్కడికక్కడే పేరు పెట్టడం: "2024-06-12 పాప టీకాల కార్డు". సంవత్సరం, నెల, రోజు ఈ వరుసలో రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. రోజు ముందు రాస్తే అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకచోట గుమిగూడతాయి. తేదీ తర్వాత, వెతికేటప్పుడు మీ నోటికి వచ్చే మాటే రాయండి. పాస్‌పోర్టు, బీమా లాంటివైతే గడువు తేదీ కూడా పేరులో చేర్చండి. అది మాకు ఎన్నిసార్లు పనికొచ్చిందో చెప్పలేను.

ఫోల్డర్ల విషయంలో అత్యాశకు పోవద్దు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒకటి, ఇంటికి ఒకటి చాలు. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో మరో ఫోల్డరు పెడితే నెల తిరిగేసరికి ఎవరూ వాటి జోలికి వెళ్లరు.

సమస్య: ఫోను నిండిపోయింది, కొత్త ఫొటో తీయనివ్వడం లేదు

ఇలాంటప్పుడు చాలామంది ఫొటోలు ఒక్కొక్కటిగా తీసేస్తారు. శ్రమ ఎక్కువ, మిగిలే చోటు తక్కువ. అసలు బరువు వీడియోలది. ఐఫోనులో సాధారణ అమరికలతో ఒక నిమిషం 1080పీ వీడియో సుమారు 60 ఎంబీ, అదే ఇంకా స్పష్టంగా ఉండే 4కె అయితే సుమారు 170 ఎంబీ. కాబట్టి వీడియోలను పరిమాణం ప్రకారం పేర్చి, పెద్దవాటితో మొదలుపెట్టండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' కింద 'మేనేజ్ స్టోరేజ్' తెరిస్తే 5 ఎంబీ దాటినవీ, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవీ విడిగా కనిపిస్తాయి. ఆ రెండో జాబితాలో దాచుకోదగింది మాకు ఒక్కటీ దొరకలేదు.

అయితే వచ్చే దారి మూయకుండా ఎంత తుడిచినా వారంలో మళ్లీ మొదటికే వస్తుంది. అక్కడే ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. కావలసినదాన్ని తాకి తెచ్చుకోవచ్చు.

సమస్య: ఫోనులో తీసేస్తే అన్నిచోట్లా పోయింది

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఇదే. "క్లౌడ్‌లో ఉందిలే" అనుకుని గూగుల్ ఫొటోస్‌లో డిలీట్ నొక్కితే అది ఫోనులోనూ, క్లౌడ్‌లోనూ పోతుంది. ఫోనునూ క్లౌడ్‌నూ ఒకేలా ఉంచే ఈ ఏర్పాటును సింక్ అంటారు. అది అద్దం లాంటిది: ఇటు జరిగింది అటు కనిపిస్తుంది. బ్యాకప్ వేరు, అది విడిగా దాచిన ప్రతి. ఫోనులో మాత్రమే చోటు ఖాళీ కావాలంటే వాడాల్సింది 'ఫ్రీ అప్ స్పేస్'.

పొరపాటు జరిగిపోతే వెంటనే ట్రాష్ తెరవండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయి. ఐఫోనులో 'రీసెంట్లీ డిలీటెడ్' గడువు సాధారణంగా 30 రోజులు. ఆ తర్వాత ఫోనుకు విడిగా ఉండే ఒక హార్డ్ డిస్క్ కొని, ఏడాదికి రెండుసార్లయినా ఫొటోలన్నీ అందులోకి ఎక్కించండి. ఎక్కించాక ఓ పది ఫొటోలు తెరిచి చూడండి, కాపీ సగంలో ఆగిన సంగతి అప్పుడే తెలుస్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట అన్నది ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే పద్ధతి. క్లౌడ్ ఆ బయటి ప్రతి అవుతుంది.

సమస్య: మెయిల్స్ రావడం ఆగిపోయింది

గూగుల్ ఖాతా నిండింది. ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ పంచుకుంటాయి. 2021 జూన్ 1 నుంచి తగ్గించిన నాణ్యతతో దాచే ఫొటోలు కూడా ఇందులోకే లెక్కకు వస్తున్నాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఇందులోకే లెక్కకు వస్తోంది. గూగుల్ వన్‌లో స్టోరేజ్ పేజీ తెరిస్తే పెద్ద అటాచ్‌మెంట్లు, పెద్ద వీడియోలు చూపిస్తుంది. తీసేశాక ట్రాష్ కూడా ఖాళీ చేస్తేనే చోటు మిగులుతుంది.

సమస్య: ఐఫోన్ ఫొటో కంప్యూటర్‌లో తెరుచుకోదు

అది హెచ్‌ఈఐసీ రకం ఫైలు, తక్కువ చోటు పట్టేలా ఐఫోన్ ఫొటోలను దాచే పద్ధతి. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్‌ను 'మోస్ట్ కంపాటిబుల్'కు మార్చితే ఇకపై తీసేవి జేపెగ్‌గా వస్తాయి, కాకపోతే ఎక్కువ చోటు పడుతుంది.

సమస్య: అన్నీ ఒకరి ఖాతాలోనే ఉన్నాయి

ఆ ఒక్కరు ఊళ్లో లేకపోయినా, ఆసుపత్రిలో ఉన్నా ఇల్లంతా ఆగిపోతుంది. కాగితాల ఫోల్డరును ఇంకొకరికి మార్చే అనుమతితో పంచండి. ఖాతా చాలాకాలం వాడకపోతే దానిలోని ఫైళ్లు ఎవరికి అందాలో చెప్పే గూగుల్ 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్', మనం పోయాక ఖాతా ఎవరు తెరవవచ్చో చెప్పే ఐఫోన్ 'లెగసీ కాంటాక్ట్' భార్యాభర్తలిద్దరూ కూర్చుని పెట్టుకోండి, పావుగంట పని. ఇంట్లో పెద్దవాళ్ల పాత ఖాతా ఏదైనా వాడకుండా పడి ఉంటే ఈ వారమే ఒకసారి లాగిన్ అవ్వండి. రెండేళ్లు తాకని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. మా అత్తయ్య పాత ఖాతాలో ఆవిడ మొదటి స్మార్ట్‌ఫోనుతో తీసిన ఫొటోలన్నీ ఉన్నాయి. వాటికి ఇంకెక్కడా రెండో ప్రతి లేదు.