అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ ఆన్ కావట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

హన్మకొండలో నాది కంప్యూటర్ రిపేర్ షాపు. నెలలో రెండో మంగళవారం దాటిందంటే మాకు ఫోన్లు ఎక్కువవుతాయి. విండోస్ నెలవారీ అప్‌డేట్లు అమెరికాలో ఆ రోజు పొద్దున వదులుతారు, అప్పటికి మనకు రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. అందుకే బుధ, గురువారాల్లో ఇళ్లలో కంప్యూటర్లు రీస్టార్ట్ అడుగుతాయి. చాలావరకు ఏ ఇబ్బందీ లేకుండా అయిపోతుంది. ఎక్కడో ఒకటి ఆగిపోతే మాత్రం తెచ్చినవాళ్లు షాపు మెట్లెక్కుతూనే అనే మాట ఒకటుంది: "అన్నా, ఫార్మాట్ కొట్టియ్యి."

దయచేసి ఆ మాట ముందే అనకండి. అప్‌డేట్ వల్ల ఆగిన కంప్యూటర్‌లో మీ ఫైళ్లు దాదాపు ఎప్పుడూ క్షేమంగానే ఉంటాయి. చెడింది విండోస్ లేచే దారి మాత్రమే. పిల్లల ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు, షాపు లెక్కలు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఫార్మాట్ కొట్టాక అవి పోతాయి. తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్లతో ఎంత వెతికినా, ముఖ్యంగా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) ఉన్న కంప్యూటర్లలో, తిరిగి వస్తాయన్న నమ్మకం లేదు. కాబట్టి నేను చెప్పే వరస ఒకటే: ముందు డేటా, తర్వాత విండోస్.

నిజంగానే ఆగిందా?

స్క్రీన్ మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ, 30 శాతం దగ్గరో 70 శాతం దగ్గరో నిలబడిపోతే టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి. క్యాబినెట్ ముందు భాగంలో హార్డ్ డిస్క్ లైట్ ఉంటుంది, చిన్నది, ఎర్రగానో తెల్లగానో. అది మినుకుమినుకుమంటోందంటే లోపల పని నడుస్తోందని అర్థం. ఎస్ఎస్‌డీ లేని పాత కంప్యూటర్‌కు పెద్ద అప్‌డేట్ రెండు మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. లైట్ పూర్తిగా ఆగిపోయి, గంట గడిచినా శాతం కదలకపోతే అప్పుడు ఆగిందనుకోవచ్చు.

మధ్యలో కరెంట్ పోతే? మే నెలలో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే మన దగ్గర కరెంట్ సంగతి తెలిసిందే. మళ్లీ ఆన్ చేయగానే చాలాసార్లు విండోసే అప్‌డేట్‌ను వెనక్కి తీసేసుకుంటుంది. మార్పులు రద్దు చేస్తున్నామని స్క్రీన్ మీద ఇంగ్లీషులో వస్తుంది. ఆ పని జరిగేటప్పుడు అసలు ముట్టుకోవద్దు. సగం అప్‌డేట్ కన్నా సగంలో ఆగిన రద్దు ఎక్కువ నష్టం చేస్తుంది.

కంపెనీ లోగో వస్తోందా, లేదా?

నేను ఫోన్‌లో మొదట అడిగే ప్రశ్న ఇదే. ఆన్ చేయగానే కంప్యూటర్ కంపెనీ పేరో, మదర్‌బోర్డ్ (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) పేరో కనిపిస్తోందా? కనిపించి, ఆ తర్వాత ఆగితే విండోస్ సమస్య. అసలు ఏమీ రాకుండా ఫ్యాన్ మాత్రం తిరుగుతుంటే విండోస్ దాకా వ్యవహారం పోనేలేదు, అది హార్డ్‌వేర్ వైపు చూడాల్సిన కేసు.

"మరి నిన్నటిదాకా మంచిగనే ఉండె కదా, అప్‌డేట్ తర్వాతనే ఎందుకు ఆగింది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనం రోజూ షట్‌డౌన్ నొక్కినా ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల విండోస్ పూర్తిగా ఆగదు, తన స్థితిని కొంత డిస్క్‌లో దాచుకుని పొద్దున అక్కడి నుంచే లేస్తుంది. అప్‌డేట్ రోజున మాత్రం మొదటి నుంచి పూర్తిగా లేవాలి, అదీ ఒకటికి రెండుసార్లు. అన్నాళ్లూ లోపల నానుతున్న లోపం ఆ రోజు బయటపడుతుంది. అన్నిసార్లూ తప్పు అప్‌డేట్‌దే కాదు.

లోగో రాకపోతే ఇవి చూడండి. మానిటర్ కేబుల్ వదులైందేమో, మానిటర్ వేరే ఇన్‌పుట్‌లో ఉందేమో. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డ్‌కు కాదు. తర్వాత ర్యామ్, అంటే మదర్‌బోర్డ్‌లో గుచ్చి ఉండే పొడవాటి మెమరీ పట్టీ. ప్లగ్ పూర్తిగా పీకి, క్యాబినెట్ పక్క డోర్ తీసి, ర్యామ్‌ను రెండు వైపులా క్లిప్పులు విడదీసి బయటికి తీయండి. బంగారు రంగు గీతలున్న అంచును పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి తుడిచి, క్లిప్పులు టక్‌మనేదాకా నొక్కి పెట్టండి. రోడ్డు పక్క ఇళ్లలో దుమ్ము ఎక్కువ, ఈ ఒక్క పనితో లేచిన కంప్యూటర్లను ఎన్నో చూశాను.

లోగో వచ్చి, బూట్ అయ్యే డివైస్ ఏదీ లేదని మెసేజ్ వస్తే ముందు పెన్‌డ్రైవ్‌లు, కార్డ్ రీడర్లు అన్నీ తీసేయండి. టైమ్, తేదీ ఏళ్ల వెనక్కి పోయి కనిపిస్తే మదర్‌బోర్డ్ మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట. రూపాయి బిళ్లలా గుండ్రంగా ఉంటుంది, 3 వోల్టులది, వాచీల దుకాణంలో కూడా దొరుకుతుంది. అది చచ్చిపోతే బయోస్ (విండోస్ కన్నా ముందు లేచి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) సెట్టింగ్‌లు మొదటికొచ్చి, ఏ డిస్క్ నుంచి లేవాలో కంప్యూటర్‌కు తెలియకుండా పోతుంది.

నీలం మెనూ దాకా చేరడం

లోగో దాటాక ఆగే కంప్యూటర్లకు మందు విండోస్ లోపలే ఉంది. దాన్ని రికవరీ మెనూ అంటాం. విండోస్ లేవడానికి వరసగా రెండు మూడుసార్లు ప్రయత్నించి విఫలమైతే అదే వస్తుంది. రాకపోతే రప్పించాలి: లోగో కింద చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపేయండి. మళ్లీ ఆన్ చేసి అలాగే ఆపండి. మూడోసారి ఆన్ చేసి వదిలేస్తే ఆటోమేటిక్ రిపేర్ అని వచ్చి, తర్వాత నీలం రంగు మెనూ తెరుచుకుంటుంది. ఇది అప్‌డేట్ శాతం కదులుతున్నప్పుడు చేసే పని కాదు, నిజంగా ఆగిందని తేల్చుకున్నాకే.

ఆ మెనూలో కీబోర్డ్, మౌస్ పనిచేయకపోతే మీ కీబోర్డే పాడైందనుకోవద్దు. 2025 అక్టోబర్ 14న వచ్చిన విండోస్ 11 అప్‌డేట్‌తో సరిగ్గా ఇదే జరిగింది. మామూలుగా పనిచేసే యూఎస్‌బీ కీబోర్డ్, మౌస్ ఈ రికవరీ మెనూలో మాత్రం చచ్చుబడ్డాయి. అక్టోబర్ 20న సరిచేసే అప్‌డేట్ వదిలారు. అలాంటప్పుడు గుండ్రని పిన్ను ఉండే పాత పీఎస్2 కీబోర్డ్ పనికొస్తుంది. అందుకే మా షాపులో ఒకటి ఎప్పుడూ దాచి ఉంచుతాను.

విండోస్ లేవకుండానే ఫైళ్లు తీసుకోవడం

ఈ పద్ధతి చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. నర్సంపేటలో డీటీపీ సెంటర్ నడిపే ఒక అక్క ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. "అన్నా, రాత్రి అప్‌డేట్ అడిగితే ఓకే కొట్టిన. పొద్దుగాల్నించి లేస్తలేదు. పెండ్లి పత్రిక ఇయ్యాలనే ప్రింట్‌కు పోవాలె, పార్టీ వచ్చి కూసున్నరు." గొంతులో ఏడుపు తెలుస్తోంది. "ఫైల్ ఎక్కడ పెట్టినవ్ అక్కా?" అంటే డెస్క్‌టాప్ మీదనే అంది. "అయితే ఎక్కడికీ పోలేదు. పెన్‌డ్రైవ్ పెట్టు, నేను చెప్పినట్టు చెయ్" అన్నాను.

నీలం మెనూలో ట్రబుల్‌షూట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో కమాండ్ ప్రాంప్ట్. నల్ల కిటికీ తెరుచుకున్నాక ఇంగ్లీషులో నోట్‌ప్యాడ్ అని కొట్టి ఎంటర్ నొక్కమన్నాను. తెల్ల పేజీ వచ్చింది. దాంట్లో రాయాల్సిందేమీ లేదు. పైన ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కాలి. వచ్చిన బాక్సులో అడుగున ఫైల్ రకం దగ్గర ఆల్ ఫైల్స్ ఎంచుకోవాలి, లేకుంటే మామూలు టెక్స్ట్ ఫైళ్లు తప్ప వేరేవి కనపడవు. పక్కన దిస్ పీసీ నొక్కితే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: రికవరీలో డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు. రోజూ సీ అనుకునేది ఇక్కడ డీ అని కనిపించవచ్చు. యూజర్స్ ఫోల్డర్ ఎందులో ఉంటే అదే మీ అసలు డ్రైవ్.

అక్క యూజర్స్ తెరిచి, తన పేరు, దాంట్లో డెస్క్‌టాప్ దాకా పోయింది. "ఉన్నయన్నా, అన్నీ ఉన్నయ్!" అని అరిచింది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, కాపీ. పెన్‌డ్రైవ్‌లోకి పోయి రైట్ క్లిక్, పేస్ట్. పేస్ట్ నొక్కాక ఎంత కాపీ అయిందో చూపించదు, బాక్సు బిగుసుకుపోయినట్టు ఉంటుంది. పెన్‌డ్రైవ్ లైట్ ఆగేదాకా ఓపిక పట్టాలి. అంతా ఒకేసారి కాకుండా ముందు అవసరమైన ఫోల్డర్, తర్వాత మిగతావి తీసుకోవాలి. పక్క సందులో ఇంకో డీటీపీలో అదే పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే ప్రోగ్రాం), అవే అను తెలుగు ఫాంట్లు ఉన్నాయి కాబట్టి పత్రిక అక్కడ తెరుచుకుంది, మధ్యాహ్నానికి ప్రింట్‌కు పోయింది. కంప్యూటర్ సంగతి సాయంత్రం నింపాదిగా చూసుకున్నాం.

అప్‌డేట్‌ను వెనక్కి తీయడం

డేటా చేతికొచ్చాక అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ముందు స్టార్టప్ రిపేర్ ఒకసారి నడపండి. కుదరకపోతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. ఇందులో రెండుంటాయి. క్వాలిటీ అప్‌డేట్ అంటే నెలనెలా వచ్చేది. ఫీచర్ అప్‌డేట్ అంటే ఏడాదికోసారి వచ్చే పెద్దది. ముందు క్వాలిటీది తీయండి. నిన్ననే విండోస్ కొత్త వెర్షన్‌కు మారి ఆగిపోయి ఉంటే ఫీచర్‌ది తీయండి, అయితే మామూలుగా దానికి 10 రోజులే గడువు. ఆ తర్వాత పాత విండోస్ ఫైళ్లను కంప్యూటరే చెరిపేస్తుంది. రెండూ పనిచేయకపోతే సిస్టమ్ రీస్టోర్‌లో అప్‌డేట్ ముందటి తేదీ ఉందేమో చూడండి.

నల్ల స్క్రీన్ మీద మౌస్ బాణం మాత్రం కదులుతుంటే ఇదంతా అక్కర్లేదు. అది ఎక్కువగా డిస్‌ప్లే డ్రైవర్ (స్క్రీన్ మీద బొమ్మను నడిపే ప్రోగ్రాం) సమస్య. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. అప్పటికీ కాకపోతే రికవరీ మెనూలో స్టార్టప్ సెట్టింగ్స్‌కు వెళ్లి రీస్టార్ట్ చేసి, నంబర్ 4 నొక్కి సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరివి మాత్రమే నడిచే విండోస్) రండి. అక్కడ డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే డ్రైవర్‌ను రోల్ బ్యాక్ చేయవచ్చు, అంటే పాతదానికి మార్చవచ్చు. సేఫ్ మోడ్ ఒక్కోసారి పిన్ తీసుకోదు, అసలు పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి.

48 అంకెల కీ అడిగితే

అప్‌డేట్ తర్వాత నీలం తెర మీద బిట్‌లాకర్ రికవరీ కీ అడిగితే భయపడకండి, వైరస్ కాదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు డిస్క్‌కు తాళం వేసుకునే వస్తాయి. బయోస్‌లో ఏదైనా మార్పు జరిగితే, "మనిషి మారాడేమో" అని అనుమానించి కీ అడుగుతాయి. ఆ కీ 48 అంకెలు. లాగిన్‌కు వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిచి, డివైసెస్‌లో రికవరీ కీస్ చూడండి. తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు సరిపోలినదాన్నే కొట్టాలి.

మన ఇళ్లలో చిక్కు ఎక్కడొస్తుందంటే, ల్యాప్‌టాప్ కొన్నరోజు ఆ అకౌంట్ ఎవరిదో ఒకరిది పెట్టేసి ఉంటారు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకుదో, అమెరికాలో ఉన్న అల్లుడిదో. వాళ్లకు ఫోన్ చేసి అడగండి. ఆ కీ దొరక్కపోతే మేమే కాదు, ఎవరూ ఆ డేటా తీయలేరు. ఎవరైనా డబ్బులిస్తే తీసిపెడతామంటే నమ్మి ఇవ్వకండి. కంప్యూటర్ బాగున్న ఈరోజే ఆ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

ఏదీ పనిచేయకపోతే

అప్పుడు రీసెట్ దిస్ పీసీలో కీప్ మై ఫైల్స్ ఎంచుకోవచ్చు. ఫొటోలు, డాక్యుమెంట్లు ఉంటాయి, కానీ మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. ట్యాలీ, పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవర్లు మళ్లీ వేసుకోవాలి. విండోస్ ఫాంట్స్‌లో చేర్చుకున్న తెలుగు ఫాంట్లూ పోతాయి. సీ డ్రైవ్‌లో యూజర్స్ బయట విడిగా ఫోల్డర్ చేసుకుని అందులో ట్యాలీ డేటా పెట్టుకుంటే, దాన్ని రీసెట్ మీద నమ్మి వదలకండి, ముందే కాపీ తీసుకోండి.

కోర్ 2 డ్యూయో లాంటి పాత ప్రాసెసర్ల మీద ఎవరితోనైనా అడ్డదారిలో విండోస్ 11 వేయించుకుని ఉంటే విషయం వేరు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ ఆ ప్రాసెసర్ల మీద అసలు లేవదు. రిపేర్లతో టైమ్ పోగొట్టుకోవద్దు. డేటా తీసుకుని, విండోస్ బదులు లినక్స్ అనే వేరే సిస్టమ్ వేసుకోవడమో కంప్యూటర్ మార్చడమో ఆలోచించండి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

వచ్చే నెలకు

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌ను 5 వారాల దాకా పాజ్ చేసుకోవచ్చు. పూర్తిగా ఆపేయమని నేను చెప్పను, సెక్యూరిటీ రంధ్రాలు మూసేది ఆ అప్‌డేట్లే. ఒక వారం పాజ్ పెట్టండి చాలు, తేడా ఏదైనా ఉంటే ఈలోపు బయటపడుతుంది. ఆప్షనల్ అని వచ్చేవాటిని వదిలేయండి. అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ నొక్కి వెంటనే గోడ మీది స్విచ్ ఆపేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, అది మానుకోవాలి. లైట్లన్నీ ఆరి ఫ్యాన్ చప్పుడు ఆగాకే స్విచ్ ఆపాలి. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసపడుతుంది. ఒకసారి కంప్యూటర్ ఆన్‌లో ఉండగా ఫైళ్లన్నీ సేవ్ చేసి మూసేసి, యూపీఎస్ ప్లగ్ పీకి చూడండి. ఐదు నిమిషాలు కూడా ఆగకపోతే అప్‌డేట్ నొక్కే ముందే బ్యాటరీ మార్పించండి.