ఒకేలా కనిపించే ఆఫ్ వైట్ షేడ్లలో మీ గోడకు ఏది నప్పుతుందో తేల్చుకోవడం ఎలా?

సంక్రాంతి ముందో, ఇంట్లో పెళ్లి కుదిరాకో షేడ్ కార్డు ఇంటికొస్తుంది. హాల్లో ముదురు రంగులొద్దు, లేతగా ఉంటే చాలని ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటారు. అసలు పేచీ అక్కడే మొదలవుతుంది. ఐవరీ, క్రీమ్, లేత బీజ్, లేత గ్రే... కార్డు మీద పక్కపక్క గళ్లు చూస్తే తేడా దొరకదు. "ఏదైతే ఏముందండీ, అన్నీ తెలుపే కదా" అంటాడు పెయింటర్. తీరా నాలుగు గోడలకూ వేశాక ఒక షేడ్ పసుపుగా, ఒకటి గులాబీగా, ఇంకొకటి ఆకుపచ్చగా తేలుతుంది.

తెల్లటి బేస్‌లో పసుపు, ఎరుపు, నలుపు లాంటి రంగులు చుక్కల లెక్కన కలిపితేనే ఈ షేడ్లు వస్తాయి. ఆ చుక్కల్లో ఏది ఎక్కువైతే దాని ఛాయ అడుగున ఉండిపోతుంది. పాత ఇళ్లలో సున్నం వేసేటప్పుడు కాస్త నీలిమందు కలిపేది ఇందుకే. సున్నంలోని పసుపుదనాన్ని ఆ నీలం కొట్టేస్తే గోడ తెల్లగా కనిపించేది. చిటికెడు ఎక్కువైతే నీలం బయటపడేది.

ముందు అడుగు ఛాయ పట్టుకోండి

మీకు నచ్చిన రెండు మూడు గళ్లను తెల్ల కాగితం మీద పెట్టి, ఎండ నేరుగా పడని చోట, పగటి వెలుతురులో చూడండి. విడిగా తెల్లగా అనిపించిన గడి కాగితం పక్కకు రాగానే అసలు రంగు చూపిస్తుంది. ఆ తర్వాత గళ్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. అప్పటికీ అర్థం కాకపోతే అదే పట్టీలో చివరన ఉన్న ముదురు గడి చూడండి. సాధారణంగా పట్టీ అంతా ఒకే కుటుంబం కాబట్టి, ముదురుది గులాబీ మట్టి రంగులో ఉంటే పైనున్న లేతదానిలోనూ ఆ గులాబీ ఉన్నట్టే. ఫోన్లో చూసి మాత్రం తేల్చకండి. ఒకే షేడ్ రెండు ఫోన్లలో రెండు రకాలుగా కనిపిస్తుంది.

కిటికీ బయట ఏముందో చూడండి

మా గోదావరి డెల్టాలో గోడ రంగును సగం తేల్చేది ఇదే. అంబాజీపేట, రాజోలు వైపు చాలా ఇళ్ల చుట్టూ కొబ్బరిచెట్లే. ఆకుల మీద పడి గదిలోకి వచ్చే వెలుతురులో ఆకుపచ్చ కలిసి ఉంటుంది. అలాంటి గదిలో ఆకుపచ్చ ఛాయ ఉన్న లేత గ్రే వేస్తే గోడ పాచి పట్టినట్టు కనిపిస్తుంది. పసుపు, ఎరుపు కొద్దిగా కలిసిన క్రీమ్ వేస్తే ఆ ఎరుపు, బయటి ఆకుపచ్చ ఒకదాన్నొకటి తగ్గించుకుని గోడ మామూలు తెలుపులా నిలబడుతుంది. తోటలో ఇల్లున్నవాళ్లు అడిగితే నేను గ్రే వైపు వెళ్లొద్దనే చెబుతాను.

చేలకు ఎదురుగా ఉన్న ఇంటిది వేరే లెక్క. సార్వా (వానాకాలపు వరి) ఎదిగే రోజుల్లో కిటికీ నిండా ఆకుపచ్చే. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక అదే కిటికీలోంచి ఎండుగడ్డి రంగు వెలుతురు వస్తుంది. వేసవిలో చక్కగా కుదిరిందనుకున్న క్రీమ్ మళ్లీ ఊడ్పులయ్యాక కాస్త మారినట్టు ఉంటుంది, కంగారు పడకండి. భీమవరం, ఆకివీడు పక్క చెరువు గట్టున ఉన్న ఇళ్లకు నీటి మీద నుంచి ఆకాశపు వెలుతురు కొడుతుంది, నీలం ఛాయ ఉన్న తెలుపు అక్కడ మరీ చల్లగా, ఆస్పత్రి గోడలా ఉంటుంది.

దిక్కు కూడా చూడాలి. పడమటి గదిలో సాయంత్రం ఎండకు పసుపు ఛాయ రెట్టింపవుతుంది. ఉత్తరపు గదికి నేరుగా ఎండ తక్కువ కాబట్టి గ్రే ఇంకా నీలంగా తేలుతుంది. కాకపోతే మన దగ్గర మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. చూరు పొట్టిగా ఉంటే ఆ రోజుల్లో ఉత్తరపు కిటికీకీ కాస్త ఎండ తగులుతుంది.

చార్టు మీద వేసి చూడండి

కొన్ని కంపెనీలు 200 మిల్లీలీటర్ల శాంపిల్ డబ్బాలు అమ్ముతాయి. దొరక్కపోతే లీటరు డబ్బా కలిపించండి, ఇల్లంతా మళ్లీ వేయించుకునే ఖర్చుతో పోలిస్తే అదెంత. పాత రంగు గోడ మీద పట్టీలు గీయించకండి, ఆ పాత రంగు కంటిని పక్కదారి పట్టిస్తుంది. పెద్ద తెల్ల చార్టు తీసుకుని చుట్టూ తెల్ల అంచు వదిలి రెండు కోట్లు వేయండి. ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ పెయింటు) తడి మీద లేతగా ఉండి ఎండాక కాస్త ముదురుతుంది, అందుకే పూర్తిగా ఆరాకే చూడాలి.

చార్టును నిలువుగా గోడకే అంటించండి, బల్ల మీద పరిచి చూస్తే వెలుతురు వేరేలా పడుతుంది. కిటికీ ఉన్న గోడకూ, దానికి ఎదురు గోడకూ మార్చి చూడండి. ఒకసారి చార్టును మధ్యకు మడిచి గది మూలలో పెట్టండి. రెండు ముఖాలూ ఒకదాని రంగు ఒకదాని మీద వేసుకుని ఛాయ ఎంత చిక్కబడుతుందో చూస్తే, కార్డు మీద కన్నా గదిలో రంగు ఎందుకు ముదురుగా అనిపిస్తుందో అర్థమవుతుంది. రెండిటి మధ్య ఊగిసలాడుతుంటే లేతదే తీసుకోండి.

పొద్దున, మిట్టమధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ, రాత్రి, కుదిరితే మబ్బు పట్టిన రోజు కూడా చూడాలి. అయితే దానికన్నా ముందు బల్బులు తేల్చుకోండి. పెట్టె మీద 3000 కెల్విన్ అని ఉంటే పసుపు వెలుగు, 6500 అని ఉంటే నీలం కలిసిన తెలుపు. పగలు ఒకేలా ఉన్న రెండు షేడ్లు 6500 ట్యూబ్‌లైటు కింద విడిపోవచ్చు. ఇప్పుడు అందరూ అడుగుతున్న లేత గ్రే గోడ తెల్ల టైల్స్ మధ్య ఆ లైటు కింద ప్లాస్టరింగ్ చేసి వదిలేసిన గోడలాగే ఉంటుంది.

చార్టు కింది అంచు నేలకు ఆనించి కూడా చూడండి. ఐవరీ టైల్స్ పక్కన చల్లటి తెలుపు పెడితే టైల్స్ మాసినట్టుంటాయి. టేకు తలుపులకు క్రీమ్ బాగా కలుస్తుంది. తలుపులకు తెల్ల ఆయిల్ ఎనామిల్ వేయించి గోడతో సరిపోల్చాలనుకుంటే మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ ఎనామిల్ కొన్నేళ్లకు పసుపెక్కుతుంది, వెలుతురు లేని గదుల్లో ఇంకా తొందరగా.

షేడ్ వెనకాలో, కంపెనీ సైట్‌లోనో ఎల్ఆర్‌వీ అని 0 నుంచి 100 లోపు అంకె ఉంటుంది. ఎంత వెలుగు తిరిగి ఇస్తుందో చెప్పే అంకె అది. వరండా నీడలో ఉండే గదులకు, మండువా ఇళ్ల లోపలి గదులకు 75 పైన ఉన్నది చూడండి. రెండు షేడ్ల మధ్య తేడా రెండు మూడే అయితే ఈ అంకెను పక్కనపెట్టి ఛాయ చూసి తేల్చుకోండి.

డబ్బా కొనేముందు

గోడ కింది భాగంలో చెమ్మ ఉంటే ఏ షేడూ నిలవదు. ఇక్కడ భూగర్భ జలం పైనే ఉంటుంది, ఉప్పు పొంగిన చోట లేత రంగు మీద మరక ముందు కనిపిస్తుంది. అది సరిచేయించి, కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగి, తడి లేదని చూసుకున్నాకే లప్పం, ప్రైమర్.

10కి 12 అడుగుల గది, ఎత్తు 10 అయితే గోడలు 440 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు పోగా దాదాపు 380. నున్నటి గోడకు రెండు కోట్లకు లీటరు సుమారు 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే మూడుంపావు లీటర్లు. గోడ గరుకుగా ఉంటే ఇంకా పడుతుంది. అంతా ఒకేసారి, ఒకే దుకాణంలో కలిపించండి. ఈ లేత షేడ్లలో ఒక చుక్క తేడా వచ్చినా గోడ మధ్యలో గీత తెలిసిపోతుంది. రెండు మూడు డబ్బాలైతే ఒకే డ్రమ్ములో పోసి కలిపించాకే మొదలుపెట్టమనండి. "ఎండితే సర్దుకుంటాదండీ" అన్నా వినకండి. మిగిలిన అర లీటరును టచప్ కోసం గట్టిగా మూతపెట్టి దాచి, మూత మీద షేడ్ కోడ్, బేస్ పేరు, ఏ గదిదో మార్కర్‌తో రాసిపెట్టండి.