తాగుడు మాన్పించే సెంటర్‌కు రిజిస్ట్రేషన్: వరంగల్ వైపు నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు

హన్మకొండలో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని, పదిహేను మంచాలు వేసి, 'మద్యం, గంజాయి అలవాటు మాన్పించబడును' అని బోర్డు పెట్టడానికి వారం రోజులు చాలు. దానికి ఏ కాగితాలు కావాలని అడిగితే మాత్రం తలా ఒక మాట చెబుతారు. సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంటే సరిపోతుందంటారు కొందరు. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ చాలని ఇంకొందరు. గోడకు ఒక ఐఎస్‌ఓ సర్టిఫికెట్ తగిలిస్తే ఎవరూ అడగరని ధైర్యం చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ మూడింట్లో ఏదీ సెంటర్ నడపడానికి ఇచ్చే అనుమతి కాదు.

అసలు అనుమతి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రావాలి. 2018 మే 29 నుంచి ఇది అమల్లో ఉంది. తాగుడికీ మానసిక ఆరోగ్య చట్టానికీ ఏం సంబంధం అని చాలామంది అడుగుతారు. మానసిక అనారోగ్యం అంటే ఏమిటో చెప్పే చోటే మద్యం, మత్తు పదార్థాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా ఆ చట్టం కలిపేసింది. అలాంటివాళ్లను చికిత్స కోసమో, కోలుకోవడం కోసమో, పునరావాసం కోసమో కొన్నాళ్లు ఉంచుకునే చోటు ఏదైనా మానసిక ఆరోగ్య సంస్థే. నడిపేది ట్రస్టా, కంపెనీయా, ఒక్క మనిషా అన్న తేడా లేదు. బంధువుల ఇంట్లోనో స్నేహితుల ఇంట్లోనో ఉంటే మాత్రం ఇది వర్తించదు.

'మాది ఆసుపత్రి కాదు, హాఫ్‌వే హోమ్' అని తప్పించుకుందామనుకునేవాళ్లకు ఒక మాట. ఆసుపత్రి నుంచి బయటికొచ్చి, ఇంట్లో ఇమడడానికి ఇంకా సిద్ధపడని మనిషి మధ్యలో కొంతకాలం ఉండే ఇల్లే హాఫ్‌వే హోమ్. చట్టం దీన్ని పేరు పెట్టి గుర్తించింది, ఇలాంటివి ప్రభుత్వమే ఏర్పాటు చేయాలని కూడా చెప్పింది. కాబట్టి ఆ బోర్డు పెట్టుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ నుంచి తప్పించుకోలేరు. అమెరికాలో ఈ ఇళ్లకు ప్రత్యేకంగా ప్రమాణాలు రాసే జాతీయ సంస్థే ఉంది. అక్కడ ఉండేవాళ్లే నడుపుకునే ఇంటి నుంచి చికిత్స కూడా ఇచ్చే ఇంటి దాకా నాలుగు స్థాయిలుగా విడదీసి సర్టిఫికెట్ ఇస్తారు. మనకు అలాంటి విడి మెట్లు లేవు. పెద్ద రిహాబ్ అయినా, ఆరుగురు ఉండే చిన్న ఇల్లయినా పోవాల్సిన గడప ఒక్కటే.

ఆ గడప హైదరాబాద్‌లోని తెలంగాణ రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ. దరఖాస్తు స్వయంగా ఇవ్వవచ్చు, పోస్టులో పంపవచ్చు, ఆన్‌లైన్లో పెట్టవచ్చని చట్టంలోనే ఉంది. ఫీజు ఎంత, ఎవరి పేరిట కట్టాలి అన్నది వేసే ముందు అథారిటీ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. పాత ఫారం జిరాక్సు తీసి నింపేవాళ్లు ఇక్కడే ఒక ట్రిప్పు వృథా చేసుకుంటారు.

జిల్లా స్థాయిలో డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసుతో కూడా పని పడుతుంది, ఎందుకంటే ప్రైవేటు ఆసుపత్రుల, క్లినిక్కుల రిజిస్ట్రేషన్ నడిచేది అక్కడే. అది వేరు, ఇది వేరు. ఒకటి ఉందని రెండోది మానకూడదు. ఏ జిల్లా ఆఫీసు అన్నది కూడా చూసుకోవాలి. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హన్మకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. కార్పొరేషన్ ఒక్కటే కాబట్టి అందరూ 'వరంగల్' అని రాసేస్తారు. మీ భవనం కాజీపేటలో ఉంటే హన్మకొండ జిల్లా, ఖిలా వరంగల్‌లో ఉంటే వరంగల్ జిల్లా. కిరాయి అగ్రిమెంట్‌లో ఒక జిల్లా, దరఖాస్తులో ఇంకో జిల్లా ఉంటే ఫైలు వెనక్కి రావడానికి అదొక్కటే చాలు.

ఫైలులో ఏముండాలి?

సంస్థ కాగితాలు ముందు. సొసైటీ అయితే రిజిస్ట్రేషన్ పత్రం, బైలాస్, కార్యవర్గం తీర్మానం. ట్రస్టు అయితే డీడ్. పాన్ కార్డు. భవనం సొంతమైతే ఆస్తి పన్ను రసీదు, కిరాయిదైతే అగ్రిమెంట్. ఏ గదిలో ఎన్ని మంచాలో, బాత్రూములు ఎక్కడో చూపించే ప్లాన్. భవనం ఎత్తును, వాడకాన్ని బట్టి ఫైర్ ఎన్‌ఓసీ. సూది మందు ఒక్కటి ఇచ్చినా సిరంజి వ్యర్థాలు వస్తాయి కాబట్టి 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, వాటిని తీసుకుపోయే ఏజెన్సీతో ఒప్పందం.

ఆ తర్వాత మనుషుల కాగితాలు. సైకియాట్రిస్టుకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మానసిక ఆరోగ్య నర్సు ఉంటే వాళ్ల పేర్లు కూడా రాష్ట్ర అథారిటీ దగ్గరే నమోదు కావాలి. ఇది చాలామందికి తెలియదు. డాక్టర్ గారి సర్టిఫికెట్ కాపీ మాత్రం పెట్టి, ఆయన వారానికి ఒక్కరోజు కూడా రాని సెంటర్లు ఉన్నాయి. ఏ రోజుల్లో, ఏ వేళకు వస్తారో ఆయన సంతకంతోనే ఒక లేఖ పెట్టండి. తర్వాత ఎవరైనా అడిగితే మీకు దన్నుగా నిలిచేది ఆ లేఖే.

కోలుకున్నవాళ్లు కౌన్సెలర్లుగా పనిచేయడం మంచిదే. తాగి మానినవాడి మాట కొత్తగా వచ్చినవాడు వింటాడు. కానీ అనుభవం ఒక్కదాన్నే అర్హతగా రాస్తే కుదరదు. ఏ శిక్షణ తీసుకున్నారో దాని కాగితం జత చేయాలి.

పది రోజుల్లో వచ్చే కాగితం

ఫైలు సక్రమంగా ఉంటే 10 రోజుల్లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఇచ్చే ముందు విచారణ చేయాల్సిన పని లేదు. ఇది విని చాలామంది 'ఇంత సులువా' అనుకుంటారు. సులువైనది కాగితం మాత్రమే. దాని గడువు 12 నెలలు. పొడిగించుకోవాలంటే గడువు తీరకముందే దరఖాస్తు వేయాలి. శాశ్వత రిజిస్ట్రేషన్ దగ్గరికొచ్చేసరికి కనీస ప్రమాణాలు పాటిస్తున్నామని ఆధారాలు చూపించాలి. వాటిని అథారిటీ 30 రోజుల పాటు ప్రజల ముందు పెడుతుంది, ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. మీ సెంటర్‌లో ఉండి వెళ్లిన మనిషి, వాళ్ల ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు, ఎవరైనా. అందుకే ఏడాది తర్వాత చూసుకుందామని రిజిస్టర్లు రాయడం వాయిదా వేయకండి. మొదటి మనిషి చేరిన రోజే మొదటి పేజీ మొదలవ్వాలి.

నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది తలుపు. దానికి తాళం ఎవరు వేస్తున్నారు, ఎందుకు వేస్తున్నారు?

మా చిన్నాన్న కొడుకును కొన్నేళ్ల కింద ఒక సెంటర్‌లో చేర్పించారు. రాత్రి వ్యాన్ వచ్చింది, నలుగురు ఎక్కించుకుపోయారు. తెల్లారేసరికి గుండు చేశారు. ఫోన్ తీసుకున్నారు. నెల రోజులు అందరి గిన్నెలూ వాడితో తోమించారు. అడిగితే 'ఇదే ట్రీట్‌మెంట్' అన్నారు. అప్పుడు మేమూ నమ్మాం. బలవంతంగా గుండు చేయడం, ఇష్టం లేకుండా పని చేయించడం, యూనిఫాం వేసుకోవాలని ఒత్తిడి చేయడం ఈ చట్టం ఒప్పుకోదని నాకు తర్వాత తెలిసింది. గొలుసులతో కట్టడం ఏ రూపంలోనూ కుదరదు. ఇంటివాళ్లతో మాట్లాడే హక్కు ఉంటుంది.

తనంతట తాను చేరిన మనిషి 'పోతాను' అంటే పంపాలి. ఇంకా ఉంచాల్సినంత ప్రమాదం ఉందని మానసిక ఆరోగ్య నిపుణుడికి అనిపిస్తే, పరీక్ష కోసం ఆపగలిగేది 24 గంటలే. మనిషి ఒప్పుకోకుండా చేర్చుకోవడానికి వేరే దారి ఉంది. అతని తరఫున మాట్లాడడానికి చట్టం గుర్తించిన ప్రతినిధి రాతపూర్వకంగా అడగాలి. ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. తనకో ఇతరులకో హాని చేసే స్థితిలోనో, తనను తాను చూసుకోలేని స్థితిలోనో ఉన్నాడని తేల్చాలి. అప్పుడు కూడా 30 రోజులే. ఏడు రోజుల్లోగా మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలపాలి. ఆడవాళ్లో, మైనర్లో అయితే మూడు రోజుల్లోనే. భార్య ఏడుస్తూ తెల్లకాగితం మీద చేసిన సంతకం వీటిలో దేనికీ బదులు కాదు. ఈ రెండు రకాల చేరికలకు రెండు వేరు రిజిస్టర్లు పెట్టుకోండి, కలిపి రాయకండి.

డాక్టర్ ఎందుకింత ముఖ్యమో నిజామాబాద్ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. డయాజెపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపిన కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోతే మనుషులకు ఫిట్స్ రావడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడడం అక్కడ చూసినదే. సారా, బ్రాందీ మానినా అంతే. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య భ్రాంతులతో కూడిన ప్రమాదకరమైన స్థితి రావచ్చు. ప్రాణం పోవచ్చు కూడా. 'మూడు రోజులు రూంలో పెడితే దిగిపోతుంది' అనే సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఉన్నా నేను మనిషిని పంపను. మీరు సెంటర్ పెడుతుంటే రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారో, ఎంజీఎం ఆసుపత్రికి ఎలా తీసుకుపోతారో ఒక పేజీలో రాసి, నైట్ డ్యూటీ వాళ్లతో సంతకం చేయించి ఫైల్లో పెట్టండి.

తిరస్కరిస్తే, అనుమతి లేకుండా నడిపితే

రిజిస్ట్రేషన్ నిరాకరిస్తే 30 రోజుల్లోగా హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల రూపాయల దాకా, రెండోసారి 2 లక్షల దాకా, ఆ తర్వాత 5 లక్షల దాకా జరిమానా. తెలిసి అందులో పనిచేసేవాళ్లకు 25 వేల దాకా పడుతుంది. కౌన్సెలర్‌గా చేరేముందు సర్టిఫికెట్ చూపించమని అడగడం తప్పేం కాదు. రిజిస్టర్ అయిన సంస్థలను మూడేళ్లకోసారి ఆడిట్ చేయాలి కూడా.

ఆసుపత్రుల నాణ్యత చూసే జాతీయ బోర్డు ఎన్‌ఏబీహెచ్ ఇచ్చే గుర్తింపు స్వచ్ఛందం. ఉంటే మంచి పేరు, రిజిస్ట్రేషన్‌కు మాత్రం బదులు కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో నడిచే పునరావాస కేంద్రాలది ఇంకో దారి. దానికి స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నంబరు తీసుకుని, ఈ-అనుదాన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కొత్తగా పెట్టిన సంఘానికి వెంటనే అందేది కాదు కాబట్టి దాన్ని నమ్ముకుని కిరాయి ఇల్లు తీసుకోకండి.

సర్టిఫికెట్ వచ్చాక లోపలికి వచ్చే ప్రతివాళ్లకూ కనిపించేలా పెట్టాలి, ఆఫీసు బీరువాలో కాదు. దాని పక్కనే ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక సాయం కోసం టెలీ మానస్ 14416 రాసిపెట్టండి. లోపల ఉన్నవాళ్లు ఫోన్ చేయడానికి ఒక ఫోను కూడా అక్కడే ఉంచండి.