రొమ్ము ఉంచి గడ్డ వరకే తీసే ఆపరేషన్: వెళ్లేముందు ఇవి చూసుకోండి

రొమ్ములో గడ్డ తగిలిందనగానే ఇంట్లో అందరూ చెప్పేది ఒకటే, మొత్తం తీయించేస్తే పీడ పోతుందని. పొందూరులో మా మేనత్తకి గడ్డ కనబడినప్పుడు మేం మొదట చూపించిన డాక్టరు కూడా మర్నాడే కోసేద్దాం, పరీక్ష సంగతి తర్వాత చూసుకుందాం అన్నారు. మేం ఆగాం. మీరూ ఆగండి.

ముందు సూది పరీక్ష. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ తీయించి, లావు సూదితో చిన్న ముక్క తీసే బయాప్సీ చేయించండి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ఎవరన్నా వినకండి. క్యాన్సర్ ఏ రకమో, ఏ మందుకి లొంగేదో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 అనే పరీక్షలూ ఆ ముక్క మీదే చేస్తారు, అవి చేతికొస్తేనే ముందు ఆపరేషనా, ముందు కీమోనా అన్నది తేలుతుంది. గడ్డ పెద్దదైతే కీమోతో తగ్గించి, ఆ తర్వాత కొంచెమే కోసే వీలుంటుంది. అలాంటప్పుడు గడ్డలో చిన్న లోహపు క్లిప్ పెడతారా అని అడగండి, మందుకి గడ్డ కరిగిపోతే ఎక్కడ కోయాలో దాన్ని చూసే తెలుసుకుంటారు.

సర్జన్‌ని సూటిగా అడగండి: రొమ్ము ఉంచి చేయొచ్చా, లేకపోతే ఎందుకు కుదరదు? రొమ్మంతా ఎర్రగా వాచే రకమైనా, గడ్డలు చాలాచోట్ల ఉన్నా, రేడియేషన్ ఇవ్వలేని పరిస్థితి అయినా మామూలుగా కుదరదు. కుదిరేవాళ్లకి మాత్రం భయం అక్కర్లేదు. అమెరికాలో, ఇటలీలో 20 ఏళ్ల పాటు గమనించి 2002లో ప్రచురించిన ఫలితాల్లో, గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లూ రొమ్ము మొత్తం తీసినవాళ్లూ బతికిన తీరులో తేడా లేదు. చంకలో గ్రంథులన్నీ తీయాలా, రంగు మందు ఎక్కించి, క్యాన్సర్ పాకితే మొదట చేరే ఒకటి రెండు గ్రంథులే చూస్తే సరిపోతుందా అని కూడా అడగండి, చెయ్యి వాపు తక్కువగా ఉండేది రెండో పద్ధతిలోనే. ఆపరేషన్ మర్నాడు మూత్రం ఆకుపచ్చగా వచ్చిందని అత్త ఏడ్చేసింది, అది ఆ నీలిరంగు మందు వల్లే. ముందే చెప్పి ఉంచండి.

తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు కనిపిస్తే మళ్లీ కొంచెం కోయాల్సి రావచ్చు, దానికీ సిద్ధంగా ఉండాలి.

ఇక రేడియేషన్, మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, అది. చాలామంది దీన్ని మధ్యలో వదిలేస్తారు, నాకు బాధంతా అక్కడే. రొమ్ము ఉంచుకున్నప్పుడు అది దాదాపు అందరికీ చికిత్సలో భాగమే. తరచుగా వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలు, 15 సిట్టింగులు ఉంటాయి. శ్రీకాకుళం నుంచి విశాఖకి రోజూ వంద కిలోమీటర్లు దాటిన దారి, రానూపోనూ తిరిగితే మనిషి నలిగిపోతుంది. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అక్కడైనా మరోచోటైనా ఆపరేషన్‌కి ముందే బస ఎక్కడో, తోడెవరో తేల్చుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏవేం వస్తాయో కౌంటర్‌లో ముందే రాయించుకోండి.

ఇంటికొచ్చాక డాక్టరు చెప్పిన రోజు నుంచి చేతి వ్యాయామం మొదలుపెట్టాలి. అత్త గోడ మీద వేళ్లు పాకించి, ఎంతవరకు అందిందో రోజూ బొగ్గుతో గీత గీసేది. నూలు వడకడం ఆమెకి తిండి పెట్టే పని, అయినా సర్జన్ సరేనన్నాకే రాట్నం ముందు కూర్చుంది.