రాక్షసుడి విషాద ప్రేమను భీమిలి ఒడ్డున లఘుచిత్రంగా తీయడం ఎలా?

విశాఖలో పది నిమిషాల గోథిక్ (భయమూ విషాదమూ కలగలిసిన) ప్రేమకథ తీయదలచినవారు రాక్షసుడి ముఖం సంగతి తరువాతికి వదిలి, అతడు ఏమి కోరుకుంటున్నాడో ముందుగా ఒక్క వాక్యంలో రాసుకోవాలి. మొదటిసారి నేను ఆ వాక్యం రాసుకోకుండా నెల రోజులు రబ్బరు ముసుగుతోనే గడిపాను. చూసినవాళ్లు భయపడలేదు, జాలిపడనూ లేదు, నవ్వారు.

ఆ కోరిక అతని స్వభావం వల్లనే భగ్నం కావాలి. ప్రతినాయకుడు వచ్చి విడదీస్తే అది మామూలు ప్రేమకథే అవుతుంది. 1935లో జేమ్స్ వేల్ తీసిన ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో, ప్రయోగశాలలో తనలాగే పుట్టిన వధువైనా తనను చూసి జడుసుకోదని ఆశపడిన ఆ జీవి ఆమె చేతిని మెల్లగా నిమురుతాడు, ఆమె కెవ్వున అరుస్తుంది. తప్పు ఇద్దరిలో ఎవరిదీ కాదు కనుకనే ఆ అరుపు అంతగా బాధిస్తుంది.

ఇక చిత్రించవలసింది వారి మధ్య దూరాన్ని. 1954 నాటి ‘క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్’లో తెల్లని ఈతదుస్తులలో యువతి నీటిపైన ఈదుతూ ఉంటే, ఆమెకు తెలియకుండా ఆ జలజీవి అడుగున వెల్లకిలా తిరిగి ఆమెతో సమంగా ఈదుతుంది. ఆమె ఆగినప్పుడు పాదం దాకా చేయి చాపి వెనక్కి తీసుకుంటుంది. ఇంతటి దృశ్యానికి మనకు నీటి అడుగున తీసే కెమెరా అక్కరలేదు. తడి ఇసుకలో ఆమె అడుగుల పక్కనే, నీటి వైపున, వేళ్ల మధ్య పొర ఉన్న మరో జత అడుగులు చూపి, అల వచ్చి ఆ రెండో జతను మాత్రమే చెరిపేసే దాకా కెమెరాను కదల్చకుండా ఉంచితే చాలు.

రాత్రి దృశ్యాలకు భీమిలిలోని డచ్చివారి పాత సమాధుల వంటి చోటు కుదురుతుంది. అనుమతి ముందే తీసుకోవాలి. ఒకే లైటును నేలకు దగ్గరగా పెట్టి, నటుణ్ణి దాని దగ్గరికి జరిపితే గోడ మీద నీడ పెరుగుతుంది. 1922లో ‘నోస్ఫెరాటు’ తీసిన ముర్నౌ, పిశాచి చేతి నీడ నాయిక గుండెను పట్టి పిండినట్టు చూపాడు. ముసుగు ఖర్చు కూడా అలా మిగులుతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా సంచిని ఒడ్డుకు రాగానే విప్పితే లెన్సుకు ఆవిరి పడుతుంది, అరగంట ఆగాలి.

‘నోస్ఫెరాటు’లో నాయిక పిశాచిని తెల్లవారే దాకా తన దగ్గర ఆపుతుంది, వెలుతురు అతణ్ణి హరిస్తుంది. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. రాక్షసుడు కడలి నుంచి వచ్చినవాడైతే మృత్యువు అతని పుట్టింటి దిక్కు నుంచే వస్తుంది. ముగింపును అందుకే తూర్పుకు తిప్పి తీయాలి. సూర్యోదయానికి రోజుకు ఒక్క టేకే దొరుకుతుంది కనుక, ముందురోజు సాయంత్రమే అడుగులు లెక్కపెట్టి నటులిద్దరి చేతా సాధన చేయించుకోవాలి.