దెబ్బ తగిలినచోట రుద్దడం ఊరికే కాదు

కాలి వేలు గడపకి కొట్టుకున్నా మంచం కోడుకి మోకాలు తగిలినా వెంటనే ఆ చుట్టుపక్కల అరచేత్తో గట్టిగా రుద్దండి, చిన్నప్పుడు మా అమ్మమ్మ చేసేది కూడా ఇదే, నిజంగా పనిచేస్తుంది. తాకిడి కబురు మోసే నరాలు కాస్త లావు, వాటికి మైలిన్ అని కొవ్వు పొర చుట్టి ఉంటుంది కాబట్టి సెకనుకి 35 నుంచి 75 మీటర్ల స్పీడుతో కబురు పోతుంది, అదే సలుపు నొప్పి మోసే సన్న నరాలకి ఆ పొర లేదు, సెకనుకి దాదాపు 1 మీటరే, అందుకే వేలు తగిలినప్పుడు ముందు తగిలిన సంగతి తెలుస్తుంది, ఒక్క క్షణం ఆగి ఆ సలుపు నొప్పి మొదలవుతుంది. రుద్దితే ఆ తాకిడి కబుర్లు వెన్నుపాములో నొప్పి దారిని కొంచెం మూసేస్తాయి. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో చెప్పిన గేట్ కంట్రోల్ థియరీ ఇదే, తర్వాత వివరాలు కొన్ని మారాయిలెండి.

పిల్లలకి ఇంజెక్షన్ అప్పుడు కూడా సూది పడేముందు ఆ పక్కన కాస్త రుద్ది చూడండి. వేశాక మాత్రం సూది గుచ్చిన చోట రుద్దొద్దు. రక్తం వస్తున్నా, ఎముక విరిగిందేమో అని డౌటున్నా అస్సలు రుద్దకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.