ఎస్సీ, ఎస్టీ కోటాలో టెండర్ వేసే ముందు ఇవి చూసుకోండి

కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే చేయాలి, ఆ 25లో 4 ఎస్సీ, ఎస్టీ యజమానుల పరిశ్రమలకు. అంత హక్కు ఉండి కూడా కాగితాల దగ్గర పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది.

- ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే సూక్ష్మ, చిన్న పరిశ్రమగా ప్రభుత్వ సైట్‌లో నమోదు, పూర్తిగా ఉచితం. ఫీజు అడిగారంటే అది ప్రభుత్వ సైట్ కాదు, బయటికొచ్చేయండి.

- ఆధార్, పాన్, కుల ధ్రువీకరణ పత్రం పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూడండి. మనకు ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది కదా, అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

- భాగస్వామ్యమైనా, ప్రైవేట్ లిమిటెడ్ అయినా ఎస్సీ, ఎస్టీల వాటా కనీసం 51 శాతం ఉండాలి. ఎవరో పెట్టుబడి పెట్టి మీ పేరు మాత్రం వాడుకుంటామంటే, ఎంత దగ్గరవాళ్లయినా సరే, సంతకం పెట్టకండి, రేపు విచారణ వస్తే జవాబు చెప్పాల్సింది మీరే.

- ఉద్యమ్‌లో ట్రేడింగ్ ఒక్కటే రాయించుకున్నారా? అది బ్యాంకు రుణాల వరకే పనికొస్తుంది, ఈ కోటా వర్తించదు. తయారీ గానీ సేవలు గానీ నిజంగా చేస్తుంటేనే ఆ పనికి ఉన్న కోడ్ రిజిస్ట్రేషన్‌లో పెట్టండి.

- ధరావతు (టెండర్‌తో కట్టే డిపాజిట్, ఈఎండీ) మినహాయింపు కావాలంటే ఉద్యమ్ సర్టిఫికెట్ బిడ్‌తోపాటే అప్‌లోడ్ చేయండి.